దాహపుసీమలో గుండెమంట

గుత్తి దాటి దక్షిణముగా అనంతపురమునకు బోవువారికి పామిడికడ పెన్న కనబడును. పేరు నదియే కాని, సంవత్సరములో పెక్కు మాసములు అచ్చట కానవచ్చునది యిసుక. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొను సీమ యిది. ఇచ్చట దాహము మనుజుని నీడవలె వెన్నంటియుండును.

దానిని దీర్చుటకు పానీయములకు కొఱత లేదు. బస్సు నిలుచు చోటులందు కాఫీ, టీలు. అంగళ్లలో సోడా, నన్నారి షర్బత్తు. గార్లదిన్నె ప్రాంతమున చీనీపండ్ల రసము. పల్లెయిండ్లలో రాగి అంబలి, మజ్జిగ. ఇన్ని యుండియు గుండెమంట, పులిత్రేన్పులు అని బాధపడు ఇల్లాండ్రు ఎందఱో కలరు. కారణమేమి?

అన్నవాహిక జీర్ణాశయమును గలియుచోట కండరమొకటి తలుపువలె నుండును. అది సడలినపుడు ఆమ్లరసము పైకివచ్చి మంట పుట్టించును. కాఫీ, టీలు కొందఱికి దానిని సడలించును. సోడాలోని వాయువు కడుపు నుబ్బించును. అమెరికాలో 48,000 మందికి పైగా స్త్రీలను పరిశీలించి 2020లో ప్రకటించిన పరిశోధనలో, దినమునకు ఆఱు కప్పులకు మించి కాఫీగాని, టీగాని, సోడాగాని త్రాగువారికి, వానిని ముట్టనివారికంటె ఈ బాధ హెచ్చుగా గనబడినది. వానిలో రెండు కప్పులకు మాఱుగా నీరు త్రాగిన కొంత తగ్గునని లెక్క తేలినది. పాలు, పండ్లరసము బాధను హెచ్చించినట్లు అందు కనబడలేదు. అయినను పుల్లని రసము పడనివారు గలరు. ఎవరి శరీరతత్త్వమును వారే గమనించుకొనవలయును.

సోదరులారా, దోషమంతయు కప్పులోనే లేదు. ఇంటిల్లిపాదికి వండిపెట్టు ఇల్లాలు తన యాకలిని కాఫీతో నణచి, రాత్రి అందఱును భుజించిన పిదప తాను తిని, వెంటనే పండుకొనును. భోజనమునకును నిద్రకును రెండుమూడు గంటల యెడము లేనిచో మంట కలుగవచ్చును. కావున వేళకు భుజింపుడు. మలికప్పు కాఫీకి బదులు నీరు త్రాగుడు. ఈ సీమలో పలుగ్రామముల బోరునీట ఫ్లోరైడు హెచ్చు. కనుక శుద్ధిచేసిన నీటినే వాడవలయును. పడినచో పలుచని మజ్జిగయు, అంబలియు మేలే. కాని అవి మందులు కావు.

మ్రింగుట కష్టమైనను, నెత్తురు వాంతియైనను, మలము నల్లబడినను, అకారణముగా చిక్కిపోయినను ఆలసింపక వైద్యుని జూడవలయును. ఱొమ్మునొప్పితో చెమటయు, ఆయాసమును దోచినచో అది గుండెజబ్బు కావచ్చును. తక్షణమే ఆసుపత్రికి బోవలయును. ఇంటివారందఱి దాహమును గనిపెట్టు తల్లి తన బాధను "వట్టి మంటయే" యని దాచుకొనరాదు.