నాలుగు రకాలు, మూడు ధరలు

మామిడి కాలంలో నూజివీడు వైపు ఏ ఇంటికెళ్ళినా గడప దాటకముందే పళ్ళ వాసన ఎదురొస్తుంది. 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చాక ఆ వాసనతోపాటు కంప్యూటరు భాషా ఇళ్ళల్లోకి చేరింది. ఇంజనీరింగు చదివే మా అక్క కూతురు ఈ వేసవిలో తోట లెక్కలన్నీ తనే కడతానంది.

గంపల పట్టిక వేసింది. అడ్డంగా మూడు రోజులు. నిలువుగా బంగినపల్లి, చిన్న రసాలు, పెద్ద రసాలు, కలెక్టరు కాయలు. ఇలాంటి పట్టికనే మేట్రిక్స్ అంటారట. లాటిన్‌లో ఆ మాటకు గర్భాశయమని అర్థం. 1850లో సిల్వెస్టర్ అనే ఇంగ్లీషాయన లెక్కల్లోకి తెచ్చాడు. పేర్లకి కరువొస్తే మగవాళ్ళు మన దగ్గరికే వస్తారు, చూశారా!

దాన్ని ధరలతో గుణిస్తే ఏ రోజు ఎంతొచ్చిందో తేలాలి. కలెక్టరు బేరం ఇంకా కుదరలేదని పిల్ల మూడే ధరలు రాసింది: 900, 700, 600. కంప్యూటరు మొరాయించింది. (3,4) పట్టికకు మూడంకెల వరస పొసగదంది. మరి నాలుగు రకాలకు మూడు ధరలైతే ఒక రకం ఒంటరిదైపోదూ?

"ఓస్, ఇంతేనా!" అని పిల్ల పట్టికను అడ్డం నిలువు చేసేసింది. ట్రాన్స్‌పోజట. అదిప్పుడు (4,3). యంత్రం కిమ్మనకుండా నాలుగంకెలిచ్చింది.

అక్క ఊరగాయ జాడీ పక్కన పెట్టి తొంగిచూసింది.

"రోజులు మూడైతే మొత్తాలు నాలుగొచ్చాయేమిటే?"

"రకానికొకటేమోనమ్మా."

"కలెక్టరుకి 19,500 ఎలా వచ్చాయి? ధరే రాయలేదుగా నువ్వు!"

చూస్తే ఏవుందీ, మొదటి రోజు గంపలన్నిటికీ బంగినపల్లి ధర, రెండో రోజువాటికి చిన్న రసాలది, మూడో రోజువాటికి పెద్ద రసాలది కట్టేసింది! బంగినపల్లి గంపలేమో పక్క తోట మామ్మగారివి. 10, 12, 8 కలిపి 30 గంపలకి 27,000 సాయంత్రం ఆవిడ చేతిలో పెట్టాలి. తెరమీద ఉన్నది 22,200.

పట్టికను మళ్ళీ యథాస్థానానికి తిప్పారు. ఫోను చేసి కలెక్టరు గంప 300కి ఖాయం చేసుకుని నాలుగో ధర రాశారు. (3,4)కి నాలుగు ధరలు జతపడి మూడు మొత్తాలొచ్చాయి: 18,000, 18,800, 18,100. రోజుకొకటి.

"బంగినపల్లి ధరా రసాల ధరా తారుమారైతే చెప్తుందా?" అంది అక్క.

"చెప్పదమ్మా. నాలుక్కి నాలుగు సరిపోయాయిగా."

అక్క ఇంకేం అన్లేదు. ఒక్కో ధర పక్కనా కాయ పేరు రాయించి, అప్పుడు లేచింది.