కొలత్తూరు వీధుల్లో ఫిల్టర్ వెతుకులాట

రెండడుగుల గాజు ట్యాంకు, నిండా బతికున్న మొక్కలు, వాటి మధ్య చిన్న చేపలు కొన్ని. మా ఇంటి హాల్లో ఇదొక్కటి పెట్టుకోవాలని చాలాకాలంగా కోరిక. ఫిల్టర్‌కూ మొక్కలకూ కలిపి పదిహేను వందలు దాటకూడదనుకున్నాను. నెల్లూరులో నేను తిరిగిన దుకాణాల్లో పెట్టె మీది బొమ్మ చూసి కొనుక్కోవాలే తప్ప, నీళ్లలో పెట్టి ఆడించి చూపించేవాళ్లు కనబడలేదు. అందుకే చెన్నైలో రంగుచేపల వ్యాపారానికి పేరుపడ్డ కొలత్తూరుకే వెళ్లి చూద్దామనుకున్నాను.

మా బావమరిదిని తోడు రమ్మన్నాను. అక్వేరియంలతో అతనికి పరిచయం లేదు గానీ, అల్లూరు వైపు రొయ్యల గుంటలు చూసుకుంటాడు. నీళ్లు ఎప్పుడు చెడతాయో, ఎలా కుదుటపడతాయో అతనికి బాగా తెలుసు.

తెల్లవారకముందే నెల్లూరులో రైలెక్కాం. చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. గూడూరు దాటేసరికి మాటలు అమ్మోనియా మీదికి మళ్లాయి.

“గుంటయినా, నీ గాజు ట్యాంకయినా లెక్క ఒకటే బావా. మేత మిగిలినా, చేప విసర్జించినా చేరేది అమ్మోనియానే. మీ బోరు నీళ్ల పీహెచ్ ఎంత?”

ఎనిమిది చుట్టూ ఉంటుందన్నాను.

“అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాల. పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియా విషం ఎక్కువవుతుంది.”

అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, మరో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ కొద్ది మోతాదులోనే చేపను చంపుతాయి. నైట్రేట్‌ను మాత్రం చేపలు చాలావరకు తట్టుకుంటాయి. ఈ బ్యాక్టీరియా స్పాంజినో రాయినో ఇసుకనో అంటిపెట్టుకుని బతుకుతుంది, దానికి ఆక్సిజన్ అందాలి. ఫిల్టర్ చేసే అసలు పని ఇదే. బ్యాక్టీరియా ఉన్న చోటికి ఆగకుండా నీళ్లు పంపుతుంది, దారిలో చెత్తను కూడా పట్టుకుంటుంది.

మొక్కల ట్యాంకులో ఈ లెక్క కొంత మారుతుంది. అమెరికాకు చెందిన డయానా వాల్‌స్టాడ్ 1999లో నీటి మొక్కల ట్యాంకుల మీద ఒక పుస్తకం వెలువరించారు. చాలా నీటి మొక్కలు నైట్రేట్ కన్నా, నీళ్లలో అమ్మోనియాకే మరో రూపమైన అమ్మోనియంనే ముందు తీసుకుంటాయని అందులో వివరించారు. అంటే ఏపుగా పెరిగే మొక్కలున్న చోట ఫిల్టర్ పనిలో చాలా భాగం మొక్కలే చేసేస్తాయి. అలాంటప్పుడు ఫిల్టర్ మీద ఎంత ఖర్చు పెట్టాలి? ఆ ప్రశ్నతోనే సెంట్రల్‌లో దిగాం.

పక్కనే సబర్బన్ రైళ్ల స్టేషన్, మూర్ మార్కెట్ కాంప్లెక్స్. పాత పుస్తకాలకూ పెంపుడు జంతువులకూ పేరుమోసిన మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. ఇప్పుడు ఆ పేరు స్టేషన్‌కు మిగిలింది. అక్కడ లోకల్ ఎక్కి, పెరంబూరులో దిగి, ఆటోలో కొలత్తూరు చేరాం.

వీధిలో అడుగుపెడుతూనే వరసగా అక్వేరియం దుకాణాలు. గుమ్మాల ముందు ఆక్సిజన్ నింపి రబ్బరు బ్యాండ్లు బిగించిన ప్లాస్టిక్ సంచులు, వాటిలో గప్పీలు, మోలీలు. ఫైటర్ చేపలు వేటి సీసాలో అవి ఒంటరిగా ఉన్నాయి. లోపలికి వెళితే ఎయిర్ పంపుల గుర్రుమనే చప్పుడు, తడి నేల వాసన.

మొదటి దుకాణంలో ‘మొక్కల ట్యాంకు’ అనగానే క్యానిస్టర్ ఫిల్టర్ తెచ్చి ముందు పెట్టారు. ట్యాంకు కింద అల్మారాలో ఉండే డబ్బా అది. నీళ్లు ఒక గొట్టంలో దిగి, లోపలి స్పాంజి, సిరామిక్ రింగుల గుండా వడకట్టుకుని మరో గొట్టంలో పైకి వస్తాయి. మంచి వస్తువే. మూడు నాలుగడుగుల ట్యాంకుకు పెట్టిన డబ్బు దండగ కాదు. వెల మూడు వేలకు పైనే చెప్పారు.

“కరెంటు పోతే?” అన్నాడు మా బావమరిది. అతను గుంటల దగ్గర ముందు అడిగేది అదే. మూతపడ్డ డబ్బాలో నీళ్లు గంటల తరబడి కదలకపోతే బ్యాక్టీరియాకు ఆక్సిజన్ అయిపోతుంది. కరెంటు వచ్చాక ఆ మురిగిన నీళ్లే ట్యాంకులోకి వస్తాయి. వేసవి కోతలున్న ఊళ్లో ఇది ఆలోచించాల్సిన సంగతి.

రెండో దుకాణం యజమాని చక్కటి తెలుగు మాట్లాడాడు. వాళ్లమ్మది సూళ్లూరుపేటట.

“నెల్లూరా సార్? కూర్చోండి. కొనకపోయినా చూసి వెళ్లండి” అని స్టూళ్లు వేయించాడు.

ట్యాంకు అంచుకు తగిలించే హ్యాంగ్ ఆన్ ఫిల్టర్‌ను నీళ్ల టబ్బుకు పెట్టి నడిపించాడు. నీళ్లు పైకెక్కి, స్పాంజి దాటి, పెదవి లాంటి అంచు మీదుగా పలచగా జారాయి. ప్లగ్గు తీయమన్నాను. గొట్టంలో నీళ్లు కిందికి జారిపోయాయి. మళ్లీ పెడితే మోటారు గుయ్‌మంది గానీ నీళ్లు ఎక్కలేదు. పెట్టెలో ఒక మగ్గు నీళ్లు పోశాకే అందుకుంది. మోటారు నీటిమట్టానికి కింద ఉండే మోడల్ మరొకటి ఆడించాడు. అది ఆపి పెట్టినా తనంతట తానే ఎత్తుకుంది. పెట్టె మీద బొమ్మ రెండింటికీ దాదాపు ఒకటే. ఇంట్లో మనిషి లేని వేళ కరెంటు పోయి వస్తే ఈ తేడాయే చేపల ప్రాణం కాపాడుతుంది.

తర్వాత ట్యాంకులో మునిగి ఉండే ఇంటర్నల్ ఫిల్టర్. పెట్టె మీద గంటకు 500 లీటర్లని ఉంది. స్పాంజి బిగించి, మూతికి గొట్టం తగిలించి, లీటరు సీసా పట్టమన్నాను. సీసా నిండడానికి 12 సెకన్లు పట్టింది, అంటే గంటకు 300 లీటర్లు. అంతకన్నా రాదని యజమాని కూడా ఒప్పుకున్నాడు. పెట్టె మీద వేసేది సాధారణంగా స్పాంజి, ఎత్తు లాంటి అడ్డంకులేవీ లేనప్పటి లెక్క. మా ట్యాంకు 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు, మొత్తం 54 లీటర్లు. మట్టి, రాళ్లు, పైన వదిలే జాగా తీసేస్తే 45. నీళ్లు గంటకు నాలుగు నుంచి ఆరు సార్లు తిరగాలన్నది వాడుకలో ఉన్న అంచనా. ఆ లెక్కన 180 నుంచి 270 లీటర్లు చాలు. మొక్కలు దట్టంగా, చేపలు తక్కువగా ఉంటే అంతకన్నా తగ్గినా ఇబ్బంది లేదు.

మూడోది మొక్కల దుకాణం. సిమెంటు తొట్లలో వాలిస్‌నేరియా పచ్చటి రిబ్బన్లలా ఊగుతోంది. పక్కన క్రిప్టోకొరైన్, చెక్కముక్కలకు కట్టిన అనూబియాస్. ప్రతి తొట్టిలోనూ నడుస్తున్నది స్పాంజి ఫిల్టరే. అందులో మోటారు ఉండదు. ఎయిర్ పంపు ఊదే గాలి బుడగలుగా పైకి పోతుంటే, ఖాళీ అయిన చోటికి నీళ్లు స్పాంజి గుండా వస్తాయి. ఉన్న ఫిల్టర్లలో చవకైనది ఇదే. చేపపిల్లలనూ చిన్న రొయ్యలనూ లోపలికి లాగేయదు.

మొక్కల ట్యాంకుకు స్పాంజి పనికిరాదని మొదటి దుకాణంలో చెప్పారే అని అడిగాను. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పెట్టేవాళ్లకు ఆ మాట వర్తిస్తుందని ఇక్కడి పెద్దాయన వివరించాడు. డబ్బు పోసి నీళ్లలో కలిపిన గ్యాసును బుడగలు పైకి తోలేస్తాయి. సిలిండర్ లేని ట్యాంకులో పగలు మొక్కలు ఆ గ్యాసును వాడేసుకుంటాయి. నీటి పైభాగం కదులుతుంటే గాల్లోంచి మళ్లీ కొంత చేరుతుంది. రాత్రి మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకునే వేళ ఆ కదలికే చేపలకు ఊపిరి అందిస్తుంది. మాకు సిలిండర్ పెట్టే ఉద్దేశం లేదు. ఇక ఎంపిక తేలిపోయింది.

స్పాంజి ఫిల్టర్, 3 వాట్ల ఎయిర్ పంపు, ట్యూబు, నాన్ రిటర్న్ వాల్వ్ కలిపి ఆరు వందల చిల్లర. ఆ వాల్వ్ మరిచిపోకూడదు. పంపు నీటిమట్టానికి కింద ఉంటే, కరెంటు పోయినప్పుడు ట్యూబులోంచి నీళ్లు పంపులోకి వచ్చేస్తాయి. కరెంటు ఖర్చు నెలకు రెండు యూనిట్ల పైచిలుకు. మిగిలిన డబ్బంతా మొక్కలకే పెట్టాను. మా గట్టి నీళ్లకు తట్టుకుంటుందని వాలిస్‌నేరియా ఎక్కువ తీసుకున్నాను.

పెద్దాయన అభిమానంగా ఒక పాత స్పాంజి తీసి సీసాలోకి పిండబోయాడు. కాఫీరంగు నీళ్లు. అందులో కావలసిన బ్యాక్టీరియా దండిగా ఉంటుంది, కొత్త ఫిల్టర్ త్వరగా కుదురుకుంటుంది. మా బావమరిది వినయంగానే అడ్డుపడ్డాడు. “వద్దన్నా. పక్క గుంట నీళ్లు మన గుంటలోకి రానియ్యం. బ్యాక్టీరియాతో పాటు జబ్బూ వస్తుంది.” తెల్లమచ్చ రోగంతో నష్టపోయిన ప్రాంతం నుంచి వచ్చినవాడి మాట అది. పెద్దాయన తలూపి సీసా పక్కన పెట్టాడు.

ఇంటికొచ్చి మొక్కలను బాగా కడిగి నాటాం, ఫిల్టర్ నడిపించాం. క్రిప్టోకొరైన్ పాత ఆకులు కరిగిపోయి కొత్తవి వేసింది. చోటు మారితే ఆ మొక్క తీరే అంత. కరిగిన ఆకులు ఎప్పటికప్పుడు తీసేశాను. గుంటల దగ్గర వాడే టెస్ట్ కిట్‌తోనే నీళ్లు చూసుకుంటూ, అమ్మోనియా, నైట్రైట్ రంగు కనిపించనంత తగ్గాకే చేపలను కొద్దికొద్దిగా వదిలాం. స్పాంజి మురికి పడితే ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండుతున్నాను. క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్లు తగిలితే బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

కొలత్తూరు వెళ్లేవాళ్లు మూడు సంగతులు తేల్చుకుని బయలుదేరాలి. ట్యాంకు ఎన్ని లీటర్లు, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పెడతారా లేదా, ఊళ్లో కరెంటు ఎంతసేపు పోతుంది. ఈ మూడూ చెబితే మంచి దుకాణదారు సరైన ఫిల్టరే చూపిస్తాడు. పెద్ద ట్యాంకు, సిలిండర్ ఉంటే క్యానిస్టర్ కొనుక్కోండి. మాలాంటి చిన్న ట్యాంకుకు స్పాంజి చాలు. మిగిలిన డబ్బుతో ఇంకో రెండు కట్టలు మొక్కలు తెచ్చుకోండి, నీళ్లను శుభ్రం చేసే పనిలో అవి కూడా పాలు పంచుకుంటాయి.