పూల పేర్పులో రూపం

తెలుగు, మరాఠీ, కన్నడ పలుకులు కలిసే మద్నూర్ సీమలో భాద్రపద అమావాస్య నుంచి తాంబాలంలో పేర్చే బతుకమ్మను చూస్తే, ఇంద్రియాలకు తోచే అందాన్ని విచారించే సౌందర్యశాస్త్రం గ్రంథాల కంటే ముందే చేతివేళ్లలో ఉండేదనిపిస్తుంది. తంగేడు, గునుగు వరుసలు పైకి పోనుపోను సన్నబడటం కంటికి ఇంపు, పేర్పుకు నిలకడ. ఈ రెండింటినీ విడదీయడం ఎవరి తరం? జర్మన్ తాత్త్వికుడు బౌమ్‌గార్టెన్ 1735లో అందాన్ని గురించిన ఈ విచారణకు పేరు పెట్టాడు. అంతకు ముందు శతాబ్దంలోనే తెలుగువాడైన జగన్నాథ పండితరాయలు రమణీయతను, అంటే మనసును రంజింపజేసే గుణాన్ని, కావ్యలక్షణంలో నిలిపాడు. పసుపు గౌరమ్మను శిఖరాన ఉంచిన ఈ రూపకల్పన మాత్రం దాచుకోవడానికి చేసింది కాదు; చీకటి పడ్డాక చెరువులో వదిలిన బతుకమ్మ వరుసలు నీటిపై మెల్లగా విడిపోతుంటే, గట్టున నిలిచిన స్త్రీలు ఖాళీ తాంబాలాలతో చాలాసేపు చూస్తూనే ఉంటారు.