మైదానానికి పిట్టగోడ



నేను పల్లెటూరి బడుల్లో ముప్పై ఏళ్ళు వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేశాను. పిల్లలకు డ్రిల్లు మాస్టారిని. ఆటల పోటీల రోజులు వచ్చినప్పుడల్లా ఒక సంగతి నా మనస్సును పొడుస్తూ ఉంటుంది. ఇది నా విజయం గూర్చిన సాక్ష్యం కాదు, నా తప్పు గూర్చిన సాక్ష్యం.

అది 1994 జనవరి నెల. కోతలయిపోయాయి గనుక చుట్టుపక్కల నాలుగూళ్ళ జనం మా బడి ఆటలు చూడ వచ్చారు. తల్లులు చంటిపిల్లలను చంకనెత్తుకొని వచ్చారు. గేటుకు అడ్డంగా ఐసు బండి, బఠాణీల బండి నిలిచాయి. పాస్టరు అయ్యగారు మైకు ముందు నిలబడి, ఏ బిడ్డకూ ఏ అపాయమూ కలుగకుండ కాపాడమని దేవునికి ప్రార్థన చేశారు. అందరం గట్టిగా ఆమేన్ అన్నాము.

మధ్యాహ్నం జావెలిన్ పోటీ. నేను నేలమీద సున్నంతో గీతలు గీసి ఊరుకున్నాను. స్టోరు గదిలో బావి తాడు ఉంది, కట్టాలనే తలంపే నాకు రాలేదు. బాగా కనబడాలని జనం ఒక్కొక్క అడుగే గీత దాటి లోపలికి జరిగారు. విసిరిన జావెలిన్లు తెచ్చి ఇవ్వడానికి ఎనిమిదో తరగతి కుర్రవాడినొకణ్ణి పెట్టాను. నేను తల వంచి కొలత రాసుకుంటున్నాను. కుర్రవాడింకా లోపలే ఉన్నాడు. వరుసలో తరువాత ఉన్న అబ్బాయి జనం కేకలకు ఉత్సాహపడి విసిరేశాడు.

అది కుర్రవాడి పిక్కలో దిగింది. ఎవరో కంగారుపడి దాన్ని లాగేశారు, దానితో రక్తం ధారగా కారింది. అలా లోపల దిగినదాన్ని లాగకూడదనీ, కదలకుండా పట్టుకొని చుట్టూ గుడ్డ అదిమి ఆసుపత్రికి తీసుకుపోవాలనీ అప్పుడు నాకే తెలియదు. మందుల పెట్టె బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి ముఖ్య అతిథిని తీసుకురావడానికి వెళ్ళిన గుమాస్తా జేబులో ఉంది. తువ్వాళ్ళు చుట్టి ట్రాక్టరు ఎక్కించబోతే గేటు దగ్గర బండ్లు అడ్డం. దేవుని కృపవలన బిడ్డ ప్రాణం దక్కింది, గాని చాలాకాలం కాలు ఈడ్చి నడిచాడు.

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో వాళ్ళ నాన్న నా ప్రక్కన కూర్చున్నాడు. కూలిపని చేసుకునే మనిషి. చాలాసేపటికి, "అయ్యగారు ప్రార్థన చేశారు గదండీ మాస్టారూ, మరి తాడెందుకు కట్టలేదండీ?" అన్నాడు. కోపంతో కాదు, నిజంగా తెలియక అడిగినట్టే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇంటికి వచ్చి బైబిలు తెరిస్తే ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనము నన్ను పట్టుకుంది. క్రొత్త యిల్లు కట్టేవాడు పైకప్పుకు చుట్టూ పిట్టగోడ కట్టాలి. లేకపోతే పడినవాని దోషం ఆ ఇంటిమీదికి వస్తుంది. ఎవరూ పడకుండా ప్రార్థించి ఊరుకొమ్మని దేవుడు చెప్పలేదు, గోడ కట్టమన్నాడు. దేవాలయ శిఖరం మీదనుండి దూకమని అపవాది లేఖనమెత్తి చెప్పినప్పుడు మన ప్రభువు దూకలేదు, అది దేవుని శోధించడమని నిరాకరించాడు. చేయగలిగిన జాగ్రత్త చేయకుండా ప్రార్థించడం కూడా అటువంటిదేనని నాకు తెలిసివచ్చింది.

మరుసటి ఏడు నుండి క్రమం మార్చాను. జావెలిన్ పడే చోటు ముందుకు పోయేకొద్దీ వెడల్పవుతుంది, విసిరే దూరంలో సుమారు సగం వెడల్పు ఉంటుంది. ఆ గీతలకు బాగా ఎడంగా తాడు కట్టించాను. ఒక ఈల ఊదితే విసరాలి, రెండు ఈలలు ఊదితేనే లోపలికి వెళ్ళాలి. జావెలిన్‌ను తిరిగి విసరకూడదు, మొన క్రిందికి ఉంచి నడిచి తేవాలి. విసిరే ఆటలు రెండు ఒక్కసారి పెట్టలేదు. ఈ చివరి నియమం చాదస్తమని కొందరు నవ్వారు. 2019 అక్టోబరులో కేరళలోని పాలాలో జూనియర్ అథ్లెటిక్ పోటీలప్పుడు జావెలిన్, హ్యామర్ ప్రక్కప్రక్కనే జరిగాయి. జావెలిన్లు తీస్తున్న ఒక విద్యార్థి తలకు హ్యామర్ గుండు తగిలి, రెండు వారాలు దాటాక అతడు చనిపోయాడు. ఆ వార్త చదివి నేను భోజనం చేయలేకపోయాను.

చూడవచ్చినవారికీ అపాయముంది. 2021 మార్చిలో సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలకు కట్టిన గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. మన పల్లెల్లో గ్యాలరీలు లేకపోయినా బడి ప్రహరీ మీద, రేకుల కప్పు మీద, చెట్టు కొమ్మ మీద పిల్లలు గుంపుగా ఎక్కుతారు. వారిని దింపడం పెద్దల పని.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ బిడ్డకు మూర్ఛగాని, ఉబ్బసంగాని, గుండె జబ్బుగాని ఉంటే మాస్టారి దగ్గర దాచవద్దు. ఆడపిల్ల అని, పెళ్ళి సంబంధాలకు అడ్డమని దాచి పరుగుపందెంలో నిలబెట్టవద్దు. దూరపు పరుగులు ఎండెక్కకముందే ముగించమని అడగండి. ఎండలో బిడ్డ ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడితే నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి విసరండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి. ఆ బండి లోపలికి రావడానికి గేటు ఖాళీగా ఉంచండి. మందుల పెట్టె తాళం వేయకుండా మైదానంలోనే ఉండాలి.

ఆ మరుసటి జనవరిలో, పోటీల రోజు తెల్లవారేసరికి ఒక మనిషి భుజాన కొబ్బరితాడు చుట్ట, చంకలో కర్రలు పెట్టుకొని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ కుర్రవాడి నాన్నే. "నేను పట్టుకుంటానండీ, మీరు కట్టండి" అన్నాడు. ఇద్దరం కలిసి కట్టాము. పాస్టరు అయ్యగారు మా పని అయ్యేవరకు ఆగి, ఆ తాడు ప్రక్కన నిలబడి ప్రార్థన చేశారు. ఆ రోజు నేను నిర్భయంగా ఆమేన్ అన్నాను.

ప్రియులారా, ఈ సంవత్సరం మీ ఊరి బడిలో ఆటలు జరిగేటప్పుడు ప్రార్థన మానవద్దు. తాడు కట్టడమూ మరువవద్దు. బిడ్డలు దేవుడిచ్చిన స్వాస్థ్యము. వారిని కాయడానికి ఆయన మన చేతులను కూడా వాడుకొనును గాక.