గోధుమ రంగు టైరు

మా సూళ్ళూరుపేటలో ఏది పాడైనా నేరం ఉప్పుగాలి మీదికే పోతుంది. సైకిల్ చైన్ తుప్పు పట్టినా, గేటుకి రంగు ఊడినా, ఆఖరికి ఫోన్ చార్జింగ్ ఎక్కకపోయినా "ఉప్పుగాలి అబ్బయా" అనేస్తారు. అందులో సగం నిజమే. మాకు తూర్పున పులికాట్ సరస్సు, దాని అవతల శ్రీహరికోట, ఆ వెనక బంగాళాఖాతం.

మా నాయన శ్రీహరికోటలో పనికి రోజూ బైక్ మీదే పోతాడు. పేట నుంచి దాదాపు 18 కిలోమీటర్లు, అందులో చాలాభాగం సరస్సు మధ్యలో వేసిన రోడ్డే. అందుకే మా ఇంట్లో బైక్ టైరంటే చిన్న విషయం కాదు.

మొన్న సెలవుల్లో చూస్తే ముందు టైరు పక్కలన్నీ గోధుమ రంగుకి తిరిగున్నాయి. మెకానిక్ అన్న "ఉప్పుకి టైరు చెడిపోయింది, మార్చాల్సిందే" అన్నాడు. నాయనేమో "ఎందుకు దండగ, డీజిల్ గుడ్డతో తుడిస్తే నల్లగా అవుతాది" అన్నాడు. ఒకరికి అది జబ్బు, ఇంకొకరికి మురికి. కూర్చుని చదివితే తెలిసింది, రెండూ కాదని.

టైరుకి నలుపు రబ్బరు వల్ల రాదు, కార్బన్ బ్లాక్ అనే మసిపొడి వల్ల వస్తుంది. అది రబ్బరుకి బలమిస్తుంది, ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాల్ని పీల్చుకుంటుంది. కానీ ఓజోన్‌ని ఆపలేదు. ఆకాశంలో పైన మనల్ని కాపాడే ఆ ఓజోనే నేల దగ్గర గాలిలో కొంచెం ఉన్నా రబ్బరుకి శత్రువు. రబ్బరు అణువుల గొలుసులో డబుల్ బాండ్లుంటాయి. ఓజోన్ సరిగ్గా అక్కడే తెంపుతుంది. రబ్బరు సాగి ఉన్నచోట పగుళ్ళు మొదలవుతాయి.

అందుకే టైరు తయారీలోనే యాంటీఓజోనెంట్ కలుపుతారు. ఎక్కువగా వాడేది 6పీపీడీ. అది లోపలి నుంచి మెల్లగా పైకి ఊరుతూ ఉంటుంది. ఓజోన్ రబ్బరుని ముట్టుకోకముందే తను ఎదురెళ్ళి ఖర్చయిపోతుంది. అలా ఖర్చయినదాని రంగే ఆ గోధుమ రంగు. చూడ్డానికి తుప్పులాగే ఉంటుంది గానీ రబ్బరు తుప్పు పట్టదు. మన సీఎస్‌ఈ భాషలో చెప్పాలంటే అది ఎర్రర్ మెసేజ్ కాదు, సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ రాసుకున్న లాగ్ ఫైల్.

తమాషా ఏంటంటే, నాయన పనిచేసే దీవిలో కూడా ఇదే కథ. పీఎస్ఎల్వీ మొదటి దశలో సుమారు 139 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే హెచ్‌టీపీబీ, టైర్లలో వాడే పాలీబ్యుటాడయీన్ రబ్బరుకి చుట్టమే. దానికీ డబుల్ బాండ్లున్నాయి, దానికీ గాలి వల్ల ముసలితనం వస్తుంది, దానికీ యాంటీఆక్సిడెంట్ కలపాల్సిందే.

ఇక డీజిల్ సంగతి. అది పైకొచ్చిన రక్షణని కడిగేస్తుంది, రబ్బరుని ఉబ్బిస్తుంది కూడా. సబ్బునీళ్ళు చాలు. టైరు మార్చాలా వద్దా అన్నది రంగు చూసి కాదు, మూడు విషయాలు చూసి తేల్చుకోవాలి: పక్కల పగుళ్ళు, గాడిలో ఉండే అరుగుదల గుర్తు, పక్కన అచ్చేసిన నాలుగంకెలు. 1417 అని ఉంటే 2017లో 14వ వారం తయారైందని అర్థం.

మా బైక్‌కి అలాగే చూశాం. గోధుమ రంగు ముందు టైరుకి ఒక్క పగులూ లేదు. ఎవరూ అనుమానించని వెనక టైరు నల్లగా మెరుస్తోంది, వంచి చూస్తే వెంట్రుకల్లాంటి పగుళ్ళు! నాయన మాట్లాడకుండా వెనకదే మార్పించాడు.

ఇంకొక్క మాట. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు వాగుల్లో వాన పడినప్పుడల్లా కోహో సాల్మన్ చేపలు చచ్చిపోయేవి. కారణం 6పీపీడీ ఓజోన్‌తో కలిసి తయారయ్యే 6పీపీడీ-క్వినోన్ అని 2020లో పరిశోధకులు తేల్చారు. అరిగిన టైరు పొడి నుంచి అది వాననీళ్ళతో వాగుల్లోకి చేరుతోంది. అప్పటినుంచి 6పీపీడీకి బదులుగా ఏం వాడొచ్చని వెతుకుతున్నారు. మా పులికాట్‌లో సాల్మన్ లేదు. కానీ చేపలున్నాయి, వాటిమీద బతికే ఊళ్ళున్నాయి, సరస్సు నడిమధ్య నుంచి నాయన పోయే రోడ్డుంది. కెమికల్ బ్రాంచ్ ఫ్రెండ్స్, మీకు ఫైనలియర్ ప్రాజెక్టుకి టాపిక్ దొరక్కపోతే ఇది చూడండి. నాయన టైరూ పగలకూడదు, చేపలూ చావకూడదు.