21ని దాటి 22కి

ఇది మేమిద్దరం కూర్చుని రాస్తున్నాం.

మా బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం వైపు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. మేం చూసిన పెళ్ళిళ్ళలో వాక్యం ఏ భాషలో చదివినా ఎఫెసీయులకు 5:22 దగ్గరే మొదలు: భార్య లోబడాలి. ఒకరికొకరు లోబడమనే 21వ వచనం దాని పైనే ఉంది. మా పెళ్ళిలోనూ దాన్ని దాటేశారు.

పోయినేడు చింతామణి మార్కెట్లో టమాటా ధర పడిపోయింది. మాలో ఒకరు రెండోవారికి చెప్పకుండా ఆమె కమ్మలు కుదువ పెట్టారు. అడిగితే 22 చూపించారు. ఆమె వాదించలేదు, పై వచనం మీద వేలు పెట్టింది. తర్వాత 25 మీద. క్రీస్తు సంఘం కోసం ప్రాణం పెట్టినట్టు భర్త ప్రేమించాలట. కమ్మలు తీసుకోమని అక్కడ లేదు!

ఆ రాత్రి అన్నం ఎవరూ తినలేదు.

కమ్మలు ఇంకా విడిపించలేదు. కుదువ చీటీ మాత్రం ఇప్పుడు బైబిల్లోనే ఉంటుంది, ఇద్దరికీ కనబడేలా.