చెవిలో ఇలకోడి: నలభై ఏళ్ళ సహవాసం



ఈ వ్యాసం వ్రాస్తున్న గదిలో పైన పంకా తిరుగుతున్నది. కిటికీ బయట ఆటో ఒకటి వెళ్తున్నది. ఈ రెండింటితో పాటు నాకు మాత్రమే వినబడే మూడవ శబ్దం ఒకటున్నది. అది నా ఎడమ చెవిలో ఇలకోడి కూతవంటి సన్నని ‘గీ’ నాదం. 1983 నుండి అది నాతోనే ఉన్నది. అప్పుడు నా వయస్సు 29 సంవత్సరాలు. ఇంటివారికి తప్ప ఈ సంగతి నేనెవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు చెప్పడానికి కారణం, మూడు నెలల క్రితం ఎల్లారెడ్డి నుండి కామారెడ్డికి నన్ను వెదుక్కుంటూ వచ్చిన ఒక యువకుడు.

అతనికి ఇరవై నాలుగేళ్ళు. పెళ్ళి బరాత్‌లలో డీజే బాక్సుల వెంట నడిచే పని. తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. “సార్, చెవుల్ల ఒకటే గీ అంటున్నది. పండుకుంటె ఇంకా ఎక్కువైతున్నది. నేను పిచ్చోన్ని అయితున్ననా?” అని అడిగాడు. పరీక్షలు చేయించుకున్నాడు, స్కానింగు కూడా అయింది. ఏమీ లేదని చెప్పి పంపించారట. ఏమీ లేనప్పుడు ఈ శబ్దమెందుకన్నది అతని ప్రశ్న. “రాత్రి లేసి కూసుంటడు సారూ, తిండి గూడ తింటలేడు” అని తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకున్నది.

“పిచ్చి కాదు బిడ్డా. నాకూ వినబడుతది. నీతో మాట్లాడుతుంటె గూడ వినబడుతున్నది” అన్నాను. అతడు చాలాసేపు నా ముఖంలోకి చూశాడు. మందుచీటీ కన్న ఆ ఒక్క మాటే అతనికి ఎక్కువ పనిచేసిందని నాకనిపించింది. అందుకే నా కథ మీకూ చెబుతున్నాను.

నాకెలా మొదలైంది?

ఆ రోజుల్లో ఈ ప్రాంతమంతా నిజామాబాదు జిల్లాలో ఉండేది. కామారెడ్డి ప్రత్యేక జిల్లా అయినది 2016 అక్టోబరు 11న. నేను కామారెడ్డిలో నివాసముంటూ పని మీద తరచుగా ఎల్లారెడ్డి వెళ్ళివచ్చేవాణ్ణి. ఒక సాయంత్రం ఎల్లారెడ్డి బజారులో పెళ్ళి ఊరేగింపు పక్కగా నడుస్తుండగా, ఎడమ వైపు రెండు మూడడుగుల దూరంలో సుతిలి బాంబు ప్రేలింది. కొంతసేపు చెవి మూతపడినట్లయింది. మరునాటికి వినికిడి తిరిగివచ్చినది కాని ‘గీ’ మాత్రం పోలేదు.

మొదటి ఆరు నెలలు నేను చేయరాని పనులన్నీ చేశాను. శబ్దం బయటిదన్నట్లు చెవిలో దూది పెట్టుకున్నాను. నిశ్శబ్దం కోసం ఇంట్లో పంకా ఆపించాను. నిద్రమాత్రలు అలవాటు చేసుకున్నాను. రాత్రి మేల్కొన్నప్పుడల్లా అది తగ్గిందా, పెరిగిందా అని చెవియొగ్గి వినేవాణ్ణి. వీటన్నిటికన్నా పెద్ద భయం వేరే ఉండేది. స్టెతస్కోపుతో గుండెను వినలేని వైద్యుడు ఎందుకు పనికివస్తాడు? వృత్తి మానివేయాలని భార్యతో అన్న రోజులున్నాయి.

హైదరాబాదులో ఒక పెద్ద వైద్యుని కలిశాను. ఆడియోమెట్రీలో 4000 హెర్ట్జ్ దగ్గర గీత లోయలా దిగింది. భారీ శబ్దం తాకిన చెవికి అది సాధారణంగా కనబడే గుర్తు. ఆయన ఆ కాగితం చూపి, “గుండె చప్పుళ్ళు చాలావరకు 1000 హెర్ట్జ్ లోపలివే కదా, నీ నష్టం వాటికి చాలా పైన ఉన్నది” అన్నారు. నా చదువులో ఉన్న విషయమే అది. భయంలో నాకు గుర్తు రాలేదు. ఆ రాత్రి చాలాకాలానికి నిద్రపట్టింది.

ఈ శబ్దం ఎక్కడ పుడుతుంది?

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో కాక్లియా అనే అవయవమున్నది. అందులో సుమారు పదిహేను వేల సున్నితమైన రోమకణాలుంటాయి. శబ్దతరంగాలను నాడీ సంకేతాలుగా మార్చేవి అవే. భారీ శబ్దానికి అవి దెబ్బతింటే మనుషులలో మళ్ళీ మొలవవు. కొన్ని స్వరాల సంకేతాలు తగ్గిపోయినప్పుడు, దూరపు స్టేషను అందక రేడియో ధ్వని పెంచినట్లు, మెదడు తన గ్రహణశక్తిని పెంచుకుంటుంది. అప్పుడు వినబడే బరబరయే ఈ హోరు. దీనిని ఆంగ్ల వైద్యంలో టిన్నిటస్ అంటారు, మన ఆయుర్వేదంలో కర్ణనాదమన్నారు.

1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు మంచి వినికిడి గల 80 మందిని శబ్దం చొరని గదిలో కూర్చోబెట్టారు. వారిలో 94 శాతం మంది ఏదో ఒక శబ్దం వినబడుతున్నదన్నారు. అంటే నిశ్శబ్దంలో మెదడు తన సొంత చప్పుడు తానే వింటుంది. నేను పంకా ఆపించి చేసిన తప్పు ఇదే.

యౌవనంలోనే ఇది పట్టుకున్నవారిలో ప్రఖ్యాత సంగీతకారుడు బీథోవెన్ ఒకరు. ముప్పై ఏళ్ళ వయస్సులో, 1801లో, చెవులు రాత్రింబవళ్ళు హోరెత్తుతున్నాయని తన వైద్య మిత్రునికి లేఖ వ్రాశాడు. ఆయన గొప్ప కృతులలో చాలావరకు ఆ తరువాత వచ్చినవే.

దారి ఎలా దొరికింది?

నాకు దారి చూపినది ఆర్టీసీ బస్సు. కామారెడ్డి నుండి ఎల్లారెడ్డికి వెళ్ళే దారిలో ఇంజను రొదలో నా ‘గీ’ కలిసిపోయేది. బస్సు దిగాక గాని దాని జ్ఞాపకం వచ్చేది కాదు. వానాకాలంలో పోచారం అలుగు పారుతున్నప్పుడు గట్టున కూర్చుంటే అంతే. ఆ రాత్రి నుండి మంచం పక్కన ట్రాన్సిస్టరు చాలా చిన్న ధ్వనితో పెట్టుకోవడం మొదలుపెట్టాను. తరువాత పుస్తకాలలో చదివితే తెలిసింది, దీన్నే శబ్ద చికిత్స అంటారని. హోరును పూర్తిగా ముంచివేయకూడదు. దానికన్న కొంచెం తక్కువ స్థాయిలో పంకా, వాన, నీటి చప్పుడువంటివి వినబడుతూ ఉండాలి. అప్పుడు మెదడు దాన్ని అప్రధానమైనదిగా పక్కకు నెట్టడం నేర్చుకుంటుంది. ఇందుకు వారాలు కాదు, నెలలు పడుతుంది.

హోరు కలిగించే బాధను తగ్గించడంలో బలమైన ఆధారమున్నది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే మానసిక శిక్షణకు. అది శబ్దాన్ని తీసివేయదు. ‘ఇది నన్ను నాశనం చేస్తుంది’ అనే తలపును మారుస్తుంది. వినికిడి తగ్గినవారికి వినికిడి యంత్రం హోరును కూడా తగ్గించవచ్చు. జింకో, జింకు మాత్రలవల్ల ప్రయోజనమున్నట్లు రుజువు కాలేదు. చెవిలో వేడి నూనె, పుల్లలు, పిన్నులు పెట్టవద్దు. గుమిలి అడ్డుపడినా హోరు వస్తుంది కనుక వైద్యునిచేతనే చూపించుకోండి. ఎక్కువ మోతాదు ఆస్పిరిన్, జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు, రక్తహీనత, థైరాయిడు దోషాలు కూడా కారణం కావచ్చు. అయితే వాడుతున్న మందును మీ అంతట మీరు ఆపవద్దు.

ఆలస్యం చేయరాని సందర్భాలు

– ఒక్కసారిగా వినికిడి తగ్గితే అదే రోజు ఈఎన్‌టీ వైద్యుని కలవాలి. మొదటి రెండు వారాలలో ఇచ్చే స్టిరాయిడ్ చికిత్స వినికిడిని కాపాడవచ్చు.
– హోరు ఒక చెవిలోనే ఉన్నా, నాడి కొట్టుకుంటున్నట్లు లయగా వినిపించినా పరీక్ష అవసరం.
– తల తిరగడం, ముఖం ఒకవైపు వాలిపోవడం, చెవి నుండి చీము, రక్తం కారడం ఉంటే నిర్లక్ష్యం చేయరాదు.
– బ్రతుకు మీద విరక్తి కలిగితే దాచుకోవద్దు. టెలిమానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

రాకుండా చూసుకోవడం

85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు తట్టుకోవచ్చునన్నది ఒక ప్రమాణం. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు ఆ వ్యవధి సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ వద్ద పావుగంటే. డీజే బాక్సుల ఎదుట గంటల తరబడి నాట్యమాడే పిల్లలను చూసినప్పుడు నాకు ఈ లెక్కే గుర్తుకు వస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్లు బయట వాడరాదు. బాక్సులకు దూరంగా నిలబడండి. రైసుమిల్లులో, డ్రిల్లింగు మిషను మీద, గల్ఫు దేశాల నిర్మాణ పనుల్లో ఉన్నవారు చెవి రక్షణ తొడుగులు అడిగి తీసుకోండి. ఇయర్‌ఫోన్లలో ధ్వని అరవై శాతం దాటనీయకండి.

ఆ యువకుడు మొన్న ఫోను చేశాడు. డీజే పని పూర్తిగా మానలేడు, ఇంటి అప్పు ఉన్నది. తొడుగులు పెట్టుకుంటున్నాడు, బాక్సుల ముందు కాక బండి వెనుక నడుస్తున్నాడు, రాత్రి ఫోనులో వాన చప్పుడు పెట్టుకుని పడుకుంటున్నాడు. “పోలేదు సార్. గని నిన్న పొలంకాడ రెండు గంటలు యాదికే రాలే” అన్నాడు. నాకు మొదటిసారి అలా రెండు గంటలు గడవడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ మాట అతనికి చెప్పాను. వచ్చే నెల మళ్ళీ వస్తానన్నాడు.

మీ ఇంట్లో ఎవరైనా పిల్లలు చెవిలో హోరని చెబితే ‘ఏమీ లేదు’ అనకండి. వారికది ఉన్నది. వైద్యునికి చూపించండి, ఆ రాత్రి వారి గదిలో పంకా వేసి ఉంచండి.